రైతు కొడుకు బిషప్ ఎలా అయ్యాడు, ఛాన్సలర్ ఎలా అయ్యాడు: విలియం ఆఫ్ వికమ్ గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు వించెస్టర్ కెథడ్రల్ చూసి వచ్చారు. అక్కడ గైడ్ విలియం ఆఫ్ వికమ్ సమాధి చూపించి, ఈయన మామూలు పల్లెటూరి కుటుంబంలో పుట్టి బిషప్ అయ్యాడనీ, రెండుసార్లు ఇంగ్లండ్ ఛాన్సలర్‌గా, అంటే రాజు ప్రభుత్వంలో అందరికంటే పెద్ద అధికారిగా చేశాడనీ, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ, వించెస్టర్‌లో ఒక బడి పెట్టాడనీ చెప్పాడు. దేవుడి పనిలో ఉన్నవాడు ప్రభుత్వాన్ని ఎలా నడిపాడు, అంత డబ్బు ఎక్కడిది, ఇది అవినీతి కాదా అని మీరు అడిగారు. మళ్ళీ వెళితే ఏం చూడాలో కూడా చెప్పమన్నారు.

సూటిగా చెప్తాను. ఆయన బిషప్ కాబట్టి ప్రభుత్వ అధికారి కాలేదు. ప్రభుత్వ అధికారి కాబట్టి బిషప్ అయ్యాడు. రాజు తన నమ్మకస్థుడికి ఇచ్చే జీతం, ప్రమోషన్, పింఛను అన్నీ కలిపి ఆ బిషప్ పదవి. డబ్బు చర్చి భూముల నుంచి వచ్చింది. అవినీతి సంగతి ఒక్క ముక్కలో తేలదు, చివర్లో రాస్తాను.

నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లండ్ చరిత్ర పేపరు చెప్పిన రోజుల్లో ఏటా ఎవరో ఒక విద్యార్థి ఇదే అడిగేవాడు. మొదట్లో నేను "ఆ రోజుల్లో చర్చికి చాలా పలుకుబడి ఉండేది" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి. అది అబద్ధం కాదు, కానీ వికమ్ విషయంలో దానివల్ల ఏమీ అర్థం కాదు. ఒక ఏడాది బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు రాజు కొలువులో ఆయన చేసిన ఉద్యోగాలు, కుడివైపు చర్చిలో వచ్చిన పదవులు, తేదీలతో సహా రాశాను. పక్కపక్కన చూసేసరికి క్లాసులో ఎవరికీ ఇంక వివరించాల్సిన అవసరం రాలేదు. మీకూ అదే చేసి చూపిస్తాను.

ఆయన పుట్టింది 1324 ప్రాంతంలో, హాంప్‌షైర్‌లోని వికమ్ అనే ఊళ్ళో. తండ్రి పేరు జాన్, తల్లి సిబిల్. పెద్ద ఇంటివాళ్ళు కారు. ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఎవరో దయగల పెద్దల సాయంతో వించెస్టర్‌లో బడికి వెళ్ళాడు. యూనివర్సిటీ ముఖం చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఎడమవైపు మొదటి పెద్ద తేదీ 1356. ఆ ఏడాది మే నెలలో చిన్న చిన్న రాజభవనాల పనులు చూసే గుమస్తాగా కనిపిస్తాడు. అక్టోబరులో విండ్సర్ కోట నిర్మాణాల పర్యవేక్షకుడు అయ్యాడు. జీతం రోజుకు ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. మూడో ఎడ్వర్డ్ రాజు విండ్సర్‌ను యూరప్ అంతా చెప్పుకునేలా కట్టాలని పట్టుదలగా ఉన్న కాలం అది. ఆయన హయాంలో ఆ ఒక్క కోట మీద దాదాపు 51,000 పౌండ్లు ఖర్చయింది. మధ్యయుగంలో ఏ ఇంగ్లండ్ రాజూ ఒకే కట్టడం మీద అంత పెట్టలేదు. రాయి, కలప, సీసం తెప్పించడం, కౌంటీల్లో, అంటే జిల్లాల్లో, రాజు అధికారులైన షెరీఫులకు ఆజ్ఞలు పంపించి అక్కడి నుంచి తాపీ మేస్త్రీలను, వడ్రంగులను బలవంతంగానైనా రప్పించడం, వాళ్ళకు వారం వారం కూలి ఇవ్వడం, చివరికి పైసా పైసాకీ లెక్క అప్పజెప్పడం, ఇదంతా వికమ్ పని. పని పూర్తి చేయగలడు, లెక్క సరిగ్గా చూపగలడు. రాజుకు కావలసింది అలాంటి మనిషే.

ఇప్పుడు కుడివైపు చూడండి. 1357లో రాజు ఆయనకు నార్ఫోక్‌లోని పుల్హామ్ చర్చిని ఇచ్చాడు. అంటే ఆ చర్చి రాబడి ఆయనది. ఆ తరవాత ఒకటొకటిగా కెథడ్రల్‌లలో ప్రెబెండ్లు వచ్చాయి. ప్రెబెండ్ అంటే కెథడ్రల్ ఆస్తిలో ఒక సభ్యుడికి వచ్చే వాటా. ఆ తరవాత లింకన్ ఆర్చ్‌డీకన్ పదవి, అంటే బిషప్ కింద చర్చి వ్యవహారాలు చూసే పదవి కూడా వచ్చింది. మరి ఆయన పాస్టరుగా దీక్ష తీసుకున్నదెప్పుడు? 1361 డిసెంబరులో కింది మెట్టు దీక్షతో మొదలుపెట్టి, 1362 జూన్ నాటికి పూర్తి చేశాడు. చర్చి ఆదాయం ముందు వచ్చింది, చర్చి దీక్ష తరవాత వచ్చింది. బోర్డు మీద ఈ రెండు తేదీల కింద నేను గీత గీసేవాణ్ణి.

1363లో ప్రివీ సీల్ కీపర్ అయ్యాడు. రాజు సొంత ముద్ర ఆయన చేతిలో ఉంటుంది, ఆ ముద్ర పడనిదే చాలా ఆజ్ఞలు కదలవు. ఆ రోజుల గురించి రాసిన చరిత్రకారుడు ఫ్రోయిసార్, అన్నీ ఈయన ద్వారానే జరిగేవనీ ఈయన లేకుండా ఏదీ జరిగేది కాదనీ రాశాడు. 1366 అక్టోబరులో వించెస్టర్ బిషప్ ఎడింగ్టన్ చనిపోయాడు. రాజు వికమ్ పేరు చెప్పాడు, అక్కడి మఠవాసులు ఆయన్నే ఎన్నుకున్నారు. 1367 సెప్టెంబరులో ఛాన్సలర్, అక్టోబరు 10న బిషప్‌గా అభిషేకం. రెండు వరసలూ అక్కడ కలిసిపోయాయి.

మరి రాజు ఇలా ఎందుకు చేసేవాడు? కారణం చాలా మామూలుది. ప్రభుత్వం నడవాలంటే లాటిన్ చదివి రాయగలిగినవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు ఎక్కువగా చర్చిలోనే ఉన్నారు. మనం రోజూ అనే క్లర్కు అన్న మాట అక్కడిదే, చర్చి దీక్ష ఉన్నవాణ్ణి లాటిన్‌లో క్లెరికస్ అనేవారు. రాతపని అంతా వాళ్ళు చేయడంతో రాసేవాడికే ఆ పేరు వచ్చేసింది, ఆ మాట ఇంగ్లీషు వాళ్ళతో మన ఆఫీసుల దాకా వచ్చింది. రెండోది, రాజు దగ్గర నెలనెలా జీతాలిచ్చే నగదు లేదు. యుద్ధాలకే చాలదు. కానీ చాలా చర్చిలకు మనిషిని నియమించే హక్కు రాజు చేతిలో ఉంది. బిషప్ పదవి ఖాళీ అయితే, కొత్తవాడు వచ్చేదాకా ఆ బిషప్ చేయాల్సిన నియామకాలు కూడా రాజువే. చర్చికి భూములున్నాయి, పంటలో పదో వంతు వస్తుంది. మాన్యం ఇచ్చి కొలువు చేయించుకోవడం అనుకుంటే మనకు తొందరగా అర్థమవుతుంది. మూడోది, ఈ పెద్ద పదవుల్లో ఉన్న చర్చివాళ్ళకు పెళ్ళి లేదు. కాబట్టి పదవి కొడుక్కి పోదు, మనిషి చనిపోగానే మళ్ళీ రాజు చేతికి వస్తుంది. ఒక ప్రభువుకి భూమి ఇస్తే అది తరతరాలకూ పోయినట్టే.

డబ్బు ఎంతో కూడా చెప్పాలి, లేకపోతే ఊహకు అందదు. 1366లో పోప్ ఐదో అర్బన్, ఒకటికి మించి చర్చి పదవులున్నవాళ్ళంతా లెక్క చెప్పాలని ఆజ్ఞ ఇచ్చాడు. వికమ్ చెప్పిన లెక్క ఏడాదికి 800 పౌండ్లకు పైగా తేలింది. ఇది బిషప్ కాకముందు సంగతి. 1351 నాటి కార్మిక చట్టం మంచి రాతి మేస్త్రీకి రోజుకు 4 పెన్నీల కూలి నిర్ణయించింది. పౌండుకు 240 పెన్నీలు. లెక్క వేయండి: వికమ్ ఒక్క ఏడాది చర్చి రాబడి, ఆ మేస్త్రీ 48,000 రోజుల కూలి. ఏడాదికి 250 రోజులు పని దొరికినా 190 ఏళ్ళకు పైగా పడుతుంది. నేను ఈ లెక్క విద్యార్థుల చేతనే చేయించేవాణ్ణి. సమాధానం వచ్చాక క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోయేది.

ఇక వించెస్టర్ సంగతి. అప్పట్లో ఇంగ్లండ్‌లో అన్నిటికంటే సంపన్నమైన బిషప్ పీఠం అది. దాని భూముల జమాఖర్చుల చుట్టలు 1208 నుంచి ఈనాటికీ ఉన్నాయి, వ్యవసాయ చరిత్ర చదివేవాళ్ళకు అది బంగారు గని. ఎడింగ్టన్‌కు చివరి రోజుల్లో కాంటర్బరీ ఆర్చ్‌బిషప్ పదవి వస్తే వద్దన్నాడు. కాంటర్బరీ గాడి ఎత్తుగా ఉంటుంది గానీ వించెస్టర్ గాడి లోతుగా ఉంటుంది అని ఆయన అన్నట్టు ఒక మాట వాడుకలో ఉంది. పశువుల గాడి తెలిసిన మనకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

పోప్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. బిషప్‌ను నియమించే హక్కు తనదేనని పోప్ వాదన, తన రాజ్యంలో తన మాట చెల్లాలని రాజు పట్టు. 1351లోనే ఈ గొడవ మీద ఇంగ్లండ్ ఒక చట్టం కూడా చేసింది. చివరికి సర్దుబాటు ఎలా జరిగిందో చూడండి. యుద్ధంలో ఇంగ్లండ్‌కు పట్టుబడ్డ ఫ్రాన్స్ రాజు విడుదల ఒప్పందంలో భాగంగా బూర్బోన్ ప్రభువు లూయీ ఇంగ్లండ్‌లో బందీగా ఉన్నాడు. వికమ్ కోసం ఆయన చేత పోప్ దగ్గర మాట సాయం చేయించారు. ఒక గుమస్తాను బిషప్ చేయడానికి శత్రుదేశపు ప్రభువును వాడుకున్నారంటే, రాజుకు ఈ మనిషి ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

అయితే పైకి ఎక్కిన కథ ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. 1369లో ఫ్రాన్స్‌తో యుద్ధం మళ్ళీ మొదలైంది, దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1371 పార్లమెంటులో, పెద్ద పదవుల్లో చర్చివాళ్ళు వద్దు, తప్పు చేస్తే శిక్షించడానికి వీలున్న మామూలు మనుషులు కావాలి అన్నారు. వికమ్ ఛాన్సలర్ పదవి వదిలేశాడు. ఖజానా చూస్తున్న ఎక్సెటర్ బిషప్ బ్రాంటింగమ్ కూడా దిగిపోయాడు. వికమ్ స్థానంలో రాబర్ట్ థార్ప్ అనే న్యాయమూర్తి వచ్చాడు. బిషప్ మంత్రిగా ఉండటం ఏమిటి అని మీరు అడిగిన ప్రశ్న, ఆ కాలం వాళ్ళే పార్లమెంటులో అడిగారు. ఇది మన కాలపు ఆలోచన అనుకోవద్దు.

అసలు దెబ్బ 1376లో తగిలింది. ఆ ఏడాది వసంతంలో జరిగిన పార్లమెంటును ఇంగ్లండ్ చరిత్రలో మంచి పార్లమెంటు అంటారు. రాజు చుట్టూ చేరి డబ్బు తిన్నవాళ్ళను అది నిలదీసింది. లాటిమర్ ప్రభువు, వ్యాపారి రిచర్డ్ లయన్స్, రాజు ప్రియురాలు ఆలిస్ పెర్రర్స్, ఎవరినీ వదల్లేదు. వికమ్ నిలదీసినవాళ్ళ పక్షాన ఉన్నాడు. జూన్‌లో యువరాజు ఎడ్వర్డ్ చనిపోవడంతో గాలి మారింది. రాజు ఇంకో కొడుకు జాన్ ఆఫ్ గాంట్ చేతికి పగ్గాలు వచ్చాయి. ఆయన పార్లమెంటు చేసిందంతా తిరగదోడి, వికమ్ మీద పాత రోజుల నాటి ఆరోపణలు పెట్టించాడు. చాలా నేరాలు మోపినా, నిలిచింది ఒక్కటే. ఒక ప్రభువు భూమి బదిలీకి రాజుకు కట్టాల్సిన రుసుము 80 పౌండ్లయితే దాన్ని 40కి తగ్గించి, రికార్డులో దిద్దించాడు.

దానికి శిక్షగా బిషప్ పీఠం భూములన్నీ స్వాధీనం చేసుకున్నారు. రాజు ఉన్నచోటికి ఇరవై మైళ్ళ లోపలికి రాకూడదన్నారు. ఇరవై ఏళ్ళు రాజు పక్కనే ఉన్న మనిషి, ఈ మఠం నుంచి ఆ మఠానికి తిరుగుతూ తలదాచుకున్నాడు. అప్పటికే ఆక్స్‌ఫర్డ్‌లో తన ఖర్చుతో చదివిస్తున్న పిల్లలను ఇళ్ళకు పంపించేయాల్సి వచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం అదే.

1377 మొదట్లో చర్చి సభ కూడినప్పుడు లండన్ బిషప్ కోర్ట్నీ, వికమ్‌ను పిలిస్తేనే పన్ను సంగతి మాట్లాడతామని పట్టుబట్టాడు. జూన్‌లో రాజు చావుకు మూడు రోజుల ముందు భూములు తిరిగి ఇచ్చారు. ఆలిస్ పెర్రర్స్‌కు లంచం ఇచ్చి పని చేయించుకున్నాడని ఒక మఠపు చరిత్రకారుడు రాశాడు. ఆయనకు ఆలిస్ అంటే ఎంత కోపమో ఆ రాతలోనే కనిపిస్తుంది కాబట్టి నేను దాన్ని రుజువుగా తీసుకోను. జులైలో కొత్త రాజు రెండో రిచర్డ్ పూర్తి క్షమాపణ ఇచ్చాడు.

ఆ తరవాత ఆయన ఏం చేశాడన్నదే నా దృష్టిలో అసలు కథ. 1379లో ఆక్స్‌ఫర్డ్ కాలేజీకి పత్రం రాశాడు. న్యూ కాలేజ్ అని ఇప్పటికీ పిలిచేది దాన్నే, ఆరు వందల ఏళ్ళు దాటినా కొత్తదే. 70 మంది విద్యార్థులు. 1386లో కొత్త భవనంలోకి వెళ్ళారు. 1382లో వించెస్టర్ బడికి పత్రం, 1394లో గృహప్రవేశం. అక్కడా 70 మంది పేద పిల్లలు. ఈ బడిలో చదివినవాళ్ళు ఆ కాలేజీకి వెళ్ళాలి, రెండిటికీ ఒకే పథకం. 1348లో మొదలైన ప్లేగు, 1361లో మళ్ళీ వచ్చిన ప్లేగు, యుద్ధాలు కలిసి చదువుకున్న పాస్టర్లు కరువైపోయారు, ఆ లోటు తీర్చాలి అని స్థాపన పత్రాల్లోనే రాయించాడు. యూనివర్సిటీకి వెళ్ళని మనిషి ఈ పని చేశాడు. డబ్బు ఊరికే ఇచ్చేసి ఊరుకోలేదు. యుద్ధం వల్ల ఫ్రాన్స్ మఠాలు ఇంగ్లండ్‌లో ఉన్న తమ భూముల రాబడి తీసుకోలేని స్థితిలో ఉంటే, అలాంటి భూములు కొని కాలేజీల పేర పెట్టాడు. విండ్సర్‌లో నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికొచ్చింది.

ఆయన ఎంచుకున్న నినాదాన్ని తెలుగులో చెప్పాలంటే "మనిషిని మనిషిగా చేసేది నడవడే". అది లాటిన్‌లో కాదు, జనం మాట్లాడే ఇంగ్లీషులో ఉంది. పెద్ద వంశాలకు లాటిన్, ఫ్రెంచ్ మాటలు ఇష్టమైన రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1389లో రెండో రిచర్డ్ ఆయన్ను మళ్ళీ ఛాన్సలర్ చేశాడు. అప్పటికి అరవై అయిదేళ్ళు. 1390 జనవరి పార్లమెంటులో ఆయనా, ఖజానా అధికారీ పదవులు అప్పగించేసి, మా మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే చెప్పండి అన్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, మళ్ళీ అవే పదవులు ఇచ్చారు. 1371లో, 1376లో అంత అనుభవించిన మనిషి ఇలా నిలబడి అడగడం నేను క్లాసులో ఎప్పుడూ వదలకుండా చెప్పేవాణ్ణి. 1391లో తనంతట తాను దిగిపోయాడు. 1404 సెప్టెంబరు 27న, ఎనభై ఏళ్ళ వయసులో, బిషప్స్ వాల్తమ్‌లో చనిపోయాడు.

ఇప్పుడు అవినీతి ప్రశ్న. నా అభిప్రాయం రెండు ముక్కలుగా చెప్తాను. రుసుము తగ్గించి రికార్డు దిద్దడం అప్పటి కొలతతోనూ తప్పే, ఇప్పటి కొలతతోనూ తప్పే. పగతో బయటికి తీశారన్నది నిజమే గానీ అందువల్ల అది ఒప్పు కాదు. చర్చి పదవుల పోగు మాత్రం అప్పటి పద్ధతి ప్రకారం నేరం కాదు, పోప్ స్వయంగా అనుమతులు ఇచ్చేవాడు. కానీ దాని భారం ఎవరి మీద పడిందో మర్చిపోకూడదు. పుల్హామ్ రైతు పదో వంతు పంట ఇచ్చింది తన ఊళ్ళో పెళ్ళికీ చావుకీ వచ్చే పాస్టరు కోసం. ఆ పంట విండ్సర్‌లో గోడలు కట్టిస్తున్న మనిషి జీతమైంది, ఊళ్ళో మాత్రం ఆయన బదులు తక్కువ జీతానికి కుదిరిన ఒక పాస్టరు ఉండేవాడు. ఆ రోజుల్లో చర్చిని గట్టిగా విమర్శించిన పండితుడు జాన్ విక్లిఫ్ పేరుతో ఉన్న ఒక రచన, కోటలు కట్టడం తెలిసినవాళ్ళకు చర్చి పదవులు ఇస్తున్నారని తిట్టింది. అది వికమ్ గురించే అని చాలామంది అనుకుంటారు. ఆ తిట్టులో న్యాయం ఉంది.

ఇంకో వైపు, బిషప్‌గా ఆయన పని ఎగ్గొట్టలేదు. వించెస్టర్ పక్కన సెయింట్ క్రాస్ అనే పేదల ఆశ్రమం ఉంది. దాని పెద్దలు పేదలకు చెందాల్సిన రాబడి తినేస్తుంటే, ఏళ్ళ తరబడి కేసు నడిపి తిరిగి ఇప్పించాడు. అది ఎంతో మందికి తెలియదు, కాలేజీల గురించే చెప్తారు.

ఒక జాగ్రత్త. ఈ ఒక్కరి కథ పట్టుకుని మధ్యయుగ బిషప్‌లంతా ఇంతే అనుకోవద్దు. అదే కాలంలో రోచెస్టర్ బిషప్ థామస్ బ్రింటన్ బెనెడిక్టిన్ సన్యాసి, రాజునీ ప్రభువులనీ ప్రసంగాల్లో నిలదీసినవాడు. అలాగే రాజు కొలువు సుఖమైన పని అని కూడా అనుకోవద్దు. ఎక్సెటర్ బిషప్ స్టేపుల్డన్ రెండో ఎడ్వర్డ్ ఖజానా చూశాడు, 1326లో లండన్ జనం ఆయన్ను వీధిలో చంపేశారు. 1381 రైతు తిరుగుబాటులో ఛాన్సలర్‌గా ఉన్న ఆర్చ్‌బిషప్ సడ్బరీ తల నరికారు.

చివరిగా, మళ్ళీ వెళితే ఏం చూడాలన్నారు కదా. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేను రెండు చోట్లా తిరిగాను. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజ్ తోటలో పాత నగరం గోడ చూడండి. ప్లేగు తరవాత పాడుబడ్డ స్థలం కొన్నప్పుడు, ఆ గోడను ఎప్పటికీ కాలేజీయే బాగుచేస్తూ ఉండాలన్న షరతు పెట్టారు. ఇప్పటికీ మూడేళ్ళకోసారి నగర మేయర్ వచ్చి గోడ చూసి వెళ్తారు. వించెస్టర్ కెథడ్రల్‌లో మొదట, మధ్య హాలుకు అడ్డంగా పక్కకు చాచినట్టున్న భాగంలోకి వెళ్ళి నార్మన్ కాలపు లావు స్తంభాలు చూడండి. అప్పుడు మధ్య హాలులోకి రండి. అక్కడ సన్నగా పైకి సాగినట్టు కనిపించే స్తంభాల లోపల ఉన్నదీ ఆ పాత రాయే. వికమ్, ఆయన మేస్త్రీ విలియం విన్‌ఫర్డ్ కలిసి ముందుకు నడిపిన పని అది, పడగొట్టకుండా చాలా స్తంభాలను అక్కడికక్కడే చెక్కించారు. విన్‌ఫర్డ్ విండ్సర్ నాటి నుంచి ఆయనతో ఉన్నవాడు. సమాధి దగ్గర కాళ్ళవైపు నిలబడితే చేతులు జోడించి కూర్చున్న మూడు చిన్న బొమ్మలు కనిపిస్తాయి. వాళ్ళు ఆయన దగ్గర పనిచేసిన గుమస్తాలని చెప్తారు. గైడ్ సాధారణంగా ముఖం వైపే చూపిస్తాడు, మీరు అటు తిరిగి చూడండి.